మా డాబా మీద బిగించిన సోలార్ ప్లాంటుపై ఫిర్యాదు

పలాస మండలం,
శ్రీకాకుళం జిల్లా.

మేనేజర్ గారికి,

విషయం: 3 కిలోవాట్ల సోలార్ ప్లాంటు బిగింపులో లోపాలు, అమ్మేటప్పుడు చెప్పిన తప్పుడు మాటలు.

అయ్యా,

ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం కింద మీ సంస్థ చేతే మా డాబా మీద ప్లాంటు పెట్టించుకున్నాం. 78,000 రూపాయల సబ్సిడీ ఖాతాలో పడింది, లైనుకి పంపిన కరెంటునీ, వాడుకున్న కరెంటునీ లెక్కగట్టే నెట్ మీటరు కూడా వచ్చింది. వాటితో నాకు పేచీ లేదు.

"కరెంటు పోయినా మీ ఇంట్లో ఫ్యాన్లు ఆగవండి" అని మీ మనిషి మా అరుగు మీద కూర్చుని చెప్పాడు. ఆ మాట మీదే మా అమ్మ సరేనంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమై, స్తంభాలు విరిగి, రోజుల తరబడి ఉద్దానం ఊళ్లు చీకట్లో ఉన్నాయి. అది చూసిన మనిషికి ఆ మాట ఎంత ధైర్యమిస్తుందో మీ వాళ్లకు తెలుసు. తీరా ఇప్పుడు మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తున్నా సరే, లైను పోగానే ఇన్వర్టర్ ఆగిపోతోంది. ఫోన్ చేస్తే "ఆన్‌గ్రిడ్ అంతేనండి" అంటున్నారు, అంటే లైనులో కరెంటు ఉంటేనే నడిచే రకమట. లైను మీద పని చేసే లైన్‌మన్‌కి మన కరెంటు తగలకుండా అది ఆగాలి, కాదనను. కానీ బ్యాటరీ, దాంతో కూడా నడిచే హైబ్రిడ్ ఇన్వర్టర్ ఉంటేనే అలాంటప్పుడు ఇల్లు నడుస్తుందని డబ్బు కట్టించుకోకముందే చెప్పాలి కదా! తుఫాను భయాన్ని అడ్డం పెట్టుకుని సరుకు అమ్మడం అన్యాయం.

ఇక సోలార్ పలకలు బిగించిన స్టాండు. తిత్లీ నాడు గాలి గంటకు 140 కిలోమీటర్లు దాటింది. అలాంటి చోట స్టాండు కాళ్లకు కాంక్రీటు దిమ్మెలు కట్టకుండా శ్లాబుకు కన్నాలు వేసి వట్టి బోల్టులతో సరిపెట్టారు. ఒక్క వర్షాకాలానికే బోల్టుల తలలు ఎర్రబారి, కింద వేసిన తెల్ల సున్నం మీద తుప్పు చారలు కట్టాయి. రెండు కన్నాల దగ్గర శ్లాబు లోపలివైపు చెమ్మ కూడా దిగింది. సముద్రపు ఉప్పుగాలి తగిలే ఊరికి స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు వేయాలని మీకు వేరే చెప్పాలా? పలక ఊడి ఎగిరితే మా ఒక్క ఇంటితో పోదు, పక్కింటి రేకుల మీద పడుతుంది.

"పలకల నీడకి కింద గది చల్లబడుతుంది" అని కూడా అన్నారు. కింద గాలి ఆడితే అది నిజమే. మీరు నాలుగు వేళ్ల సందు కూడా వదల్లేదు. వేడి అక్కడే కుమిలి రాత్రి దాకా గది ఉడికిపోతోంది. పలకలకూ అది నష్టమే. పలక వేడి 25 డిగ్రీలు దాటాక పెరిగే ప్రతి డిగ్రీకీ ఉత్పత్తి సుమారు 0.35 శాతం తగ్గుతుంది, వేసవిలో పలక వేడి 60 దాటుతుంది. దానికి తోడు, పొద్దు వాలగానే మెట్ల గది నీడ చివరి రెండు పలకల మీద పడుతోంది. అన్నీ ఒకే వరుసలో కలిపారు కాబట్టి ఆ దెబ్బ మిగతావాటికీ తగిలి, ఫోన్ యాప్‌లో ఉత్పత్తి గీత ఒక్కసారిగా కిందికి పడిపోతోంది. తూర్పు పక్కన డాబా ఖాళీగానే ఉంది. కొలతలకు వచ్చిన మనిషి పొద్దున్నే చూసి వెళ్లిపోయాడు, సాయంత్రం నీడ ఎటు పడుతుందో అడగనే లేదు.

స్టాండు ఎత్తు పెంచి దిమ్మెలు కట్టించండి. బోల్టులు మార్చి, కన్నాల దగ్గర చెమ్మ దిగకుండా పూడ్చండి. ఆ రెండు పలకలు తూర్పుకి జరపండి. పథకం ప్రకారం ఐదేళ్ల నిర్వహణ మీదే, కాబట్టి దీనికి మేం పైసా ఇవ్వం. హైబ్రిడ్ ఇన్వర్టర్‌కి మార్చడానికి ఎంతవుతుందో, అందులో మీ వాటా ఎంతో రాతపూర్వకంగా తెలపండి.

15 రోజుల్లో మీ ఇంజనీరు వచ్చి చూడకపోతే ఫోటోలతో సహా మా కరెంటు సంస్థ ఈపీడీసీఎల్‌కి, ఆ తర్వాత శ్రీకాకుళం జిల్లా వినియోగదారుల కమిషన్‌కి ఫిర్యాదు చేస్తాను. స్టాండు పని మాత్రం అక్టోబరు రాకముందే పూర్తి కావాలి.

ఇట్లు,
మీ వినియోగదారుడు