క్యాసెట్ మీద బాకీ రాసి ఉంది

ఒహాయో,
2024 అక్టోబర్ 13, ఆదివారం

మామకు, అత్తమ్మకు దండాలు.

ఇక్కడ అందరం బాగున్నాం. దసరా ఎట్లా గడిచింది? ఉర్సు గుట్ట కాడికి ఈసారి పోయారా, మోకాళ్ళ నొప్పులని అత్తమ్మ ఇంట్లోనే ఉందా? నిన్న వీడియోలో జమ్మి ఆకు చూపించారు గానీ, చేతిలో బంగారం పెట్టి అలాయ్ బలాయ్ తీసుకునేదాకా నాకు దసరా అయినట్టే ఉండదు.

రోజూ ఫోన్‌లో మాట్లాడుకుంటూనే ఉన్నాం, మళ్ళీ ఉత్తరం ఎందుకు అనుకుంటావు. ఫోన్‌లో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు, అది ఒకటి. పైగా నీకు ఒక పని అప్పజెప్పాలి. కాగితం మీద ఉంటే జేబులో పెట్టుకుని తిరగొచ్చు. పెద్ద అక్షరాలతో ప్రింటు తీసి ఇమ్మని చిన్నోనికి చెప్పాను.

పోయిన ఆదివారం పొద్దున నీ పాత క్యాసెట్లు వేసిన నా రేడియో ప్రోగ్రాం విని నువ్వు అన్న మొదటి మాట గుర్తుందా? "వెనకాల ఆ గుయ్యి ఏందిరా, తీసేయరాదూ?" బాగుంది అనలేదు, బాగా లేదు అనలేదు. గుయ్యి!

తీసేయొచ్చు మామా, కంప్యూటర్‌లో రెండు నిమిషాల పని. కానీ ఆ గుయ్యి నాకు చేసిన మేలు నీకు తెలియదు. మైక్ సెట్ నడిపినన్నాళ్ళూ ఎర్తింగ్ సరిగా లేదని నువ్వు తిట్టుకున్న చప్పుడే అది. నీ ఆహుజా యాంప్లిఫయర్ కరెంటు మీద నడిచేది, టేప్ రికార్డర్ మాత్రం సెల్లుల మీద. తెల్లారుజాముకు సెల్లులు డౌనై మోటారు మెల్లగా తిరిగేది. అట్లా మెల్లగా రికార్డయిన టేపును ఇప్పుడు సరైన స్పీడులో వేస్తే గొంతు సన్నబడుతుంది, కథ ఉరుకుతుంది. ఐలోని జాతర టేపులో, డోలు దెబ్బ మీద మల్లన్న ఒగ్గు కథ పాడి చెప్పే పెద్దాయన చివరికి వచ్చేసరికి ఇరవై ఏండ్ల పిల్లగాడయ్యాడు. ఎంత తగ్గించాలో చెవితో తేల్చుకుందామంటే రోజుకో తీరుగా తోచింది. అప్పుడు ఆ గుయ్యిని కొలిచాను. మన దగ్గర కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది, ఇక్కడ 60. గుయ్యి కరెంటుదే కాబట్టి 50 ఉండాలి, నీ టేపులో 53 చూపించింది. అంటే టేపు దాదాపు ఆరు శాతం ఎక్కువ వేగంతో పోతోంది. అంత మేరకు తగ్గించగానే పెద్దాయన మళ్ళీ పెద్దాయన అయ్యాడు, డోలు దెబ్బ బరువుగా పడింది. ఆ రోజుల్లో మన కరెంటు కూడా 50 దగ్గర కుదురుగా నిలిచేది కాదని నాకంటే నీకే బాగా తెలుసు. అందుకని ఆఖరి దిద్దుబాటు చెవితోనే చేశాను.

టేప్ రికార్డర్‌లో టేపు తగిలే హెడ్డు పక్కన ఉండే చిన్న స్క్రూ సంగతి కూడా నీ దగ్గర చూసిందే. తాళాల చప్పుడు తళుక్కుమనేదాకా స్క్రూడ్రైవర్‌తో వెంట్రుకవాసి తిప్పేవాడివి. 43 క్యాసెట్లకూ ఒక్కోదానికి విడిగా అదే పని చేస్తున్నా. రాత్రి పదకొండు దాటాక, నా భార్య తిట్టే లోపల.

ఇప్పుడు నీ చేత తిట్లు తినే సంగతి. నువ్వు ఇచ్చిన, నిమిషానికి 78 సార్లు తిరిగే తొమ్మిది పాత గ్రామఫోన్ ప్లేట్లలో ఒకటి పాడు చేశాను. లుంగీల్లో చుట్టి, సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టి, పగలకుండా ఇంత దూరం తెచ్చాను. ఇంటికొచ్చాక బూజు పోవాలని స్పిరిట్‌తో తుడిచాను. ఆ ప్లేట్లు లక్కతో చేసినవి, లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. తలుపులకు లక్క పాలిష్ పెట్టే వడ్రంగిని చిన్నప్పుడు రోజంతా చూసిన నాకు ఆ మాత్రం తట్టలేదు. నాటక పద్యాల ప్లేటు అది. ముల్లు వేస్తే రేకుల కప్పు మీద వాన పడ్డట్టు తప్ప ఏమీ వినిపించడం లేదు. మిగిలిన ఎనిమిదింటినీ డిస్టిల్డ్ వాటర్‌తో మెత్తగా కడిగాను, బాగానే ఉన్నాయి. వాటికి ఎల్పీ రికార్డుల సన్న ముల్లు పనికిరాదు, లావు ముల్లు విడిగా తెప్పించాను. ఇక్కడ 1960 నాటికే 78లు దాదాపు ఆగిపోయాయట. మన దేశంలో ఆ తర్వాత కూడా కొన్నేండ్లు అచ్చయ్యాయి, ఎందుకంటే ఊళ్ళలో కరెంటు లేదు, చేత్తో కీ ఇచ్చి తిప్పే గ్రామఫోన్ మాత్రం ఉంది. ఈ సంగతి చెబితే ఇక్కడివాళ్ళు నోరు తెరుస్తారు.

రేడియో స్టేషన్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. మన చౌరస్తాలోని నీ పాత షాపు కంటే కాస్త పెద్దది. ఇటువంటి చిన్న స్టేషన్లకు ఇక్కడ 100 వాట్ల వరకే అనుమతి. ఐదారు కిలోమీటర్లు దాటితే వినపడదు. మీరు ఇంటర్నెట్‌లో వింటున్నారు కాబట్టి సరిపోయింది. అందరూ జీతం లేకుండా పనిచేసేవాళ్ళే. శనివారం రాత్రి తొమ్మిదికి నాకు ఒక గంట ఇచ్చారు, అది మీకు ఆదివారం పొద్దున ఆరున్నర. వచ్చే నెల 3న ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, అప్పటి నుంచి ఏడున్నరకు పెట్టుకోండి.

అసలు సంగతి ఆ స్టేషన్ వాళ్ళిచ్చే ఫారం దగ్గర మొదలైంది. వేసిన ప్రతి పాటకూ వివరాలు రాసివ్వాలి. ఏం పాడారు, ఎవరు పాడారు, ఎప్పుడు రికార్డయింది. ప్లేట్ల సంగతి సులువు, లేబుల్ మీద అన్నీ అచ్చేసి ఉన్నాయి. నీ క్యాసెట్ల మీద కూడా నీ చేతి రాత ఉంది, కాదనను. కానీ ఏం రాశావో గుర్తుందా? ఎనిమిదో నంబరు మీద: "వేయి స్తంభాల గుడి, బతుకమ్మ, 2 హారన్లు, బాకీ 60." పదిహేడు మీద: "ఐలోని 97, పటేల్, 4 హారన్లు, జనరేటర్ వాళ్ళదే, బాకీ 40." కిరాయికి తీసుకున్నవాని పేరుంది, ఎన్ని హారన్లు కట్టావో ఉంది, ఎంత రావాలో ఉంది. తెల్లార్లూ పాడినవాళ్ళ పేరు ఒక్కదాని మీద లేదు. నిన్ను తప్పు పట్టడం లేదు మామా. నీకది షాపు లెక్క, ఇట్లా సముద్రాలు దాటుతుందని ఎవరనుకున్నారు?

మొదటి వారం ఫారంలో "తెలియదు" అని పదకొండు సార్లు రాశాను. స్టేషన్ చూసుకునే పెద్దామె కాగితం చూసి ఏమీ అనలేదు, కళ్ళజోడు పైనుంచి నన్నొకసారి చూసింది, అంతే. రెండో వారం సిగ్గు పోగొట్టుకుందామని ఒక తెలివి తక్కువ పని చేశాను. పదిహేడో క్యాసెట్ వేసి, లేబుల్ మీద ఉన్న పేరు చదివేశాను. "ఇప్పుడు మీరు విన్న ఒగ్గు కథ, ఐలోని మల్లన్న జాతరలో, ఫలానా పటేల్ గారు చెప్పినది." ఐదు నిమిషాలు కాలేదు, ఫోన్. న్యూజెర్సీ నుంచి వర్ధన్నపేట దిక్కు ఆయన. "అన్నా, ఆ పటేల్ మా ఊరాయనే. జన్మలో పాట పాడలేదు. కథ మాత్రం పొద్దెక్కేదాకా కదలకుండా వింటాడు." అందరికీ వినపడేటట్టు క్షమాపణ చెప్పాను. నా చెవులు ఎంత ఎర్రబడ్డాయో రేడియోలో కనపడదు కాబట్టి బతికిపోయాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. గౌహర్ జాన్ గురించి నువ్వే నాకు చెప్పావు కదా, 1902లో కలకత్తాలో పాడిన రికార్డుల సంగతి. పాట అయిపోగానే తన పేరు తానే గట్టిగా చెబుతుంది. ప్లేట్లు అచ్చేసేది జర్మనీలో హనోవర్‌లో, అక్కడివాళ్ళకు ఇది ఎవరి పాటో తెలియాలి కాబట్టి. అవసరానికి చెప్పిన పేరే, కానీ పాటలోనే ఉండిపోయింది. లేబుల్ చినిగినా పోదు. మన ఒగ్గు పెద్దాయనకు ఆ వీలు ఎవరిచ్చారు?

ఇంకో మాట, నవ్వకు. సిలోన్ రేడియోలో మీనాక్షి పొన్నుదురై గారి తెలుగు ప్రోగ్రాం కోసం నువ్వు బువ్వ కూడా ఆపేవాడివని అమ్మ చెబుతుంది. పాటలు కోరినవాళ్ళ పేర్లలో ఒకసారి నీ పేరు వచ్చిందని షాపు కాడ అందరికీ చాయ్ పోయించావట. పాట అడిగినందుకే అంత సంబరమైతే, పాడినవాని పేరు చదివితే వాళ్ళింట్లో ఎట్లుంటుందో చూడు.

ముప్పై ఒకటో క్యాసెట్ విని నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మేడారం, 1998. కోయ పెద్దలు డోలి కొడుతూ సమ్మక్క కథ పాడుతుంటారు, మధ్యలో ఎవరో మైకు గుంజుకుని పిల్లలు తప్పిపోయిన ప్రకటనలు చెబుతారు. ఎర్ర అంగీ పిల్లగాడు, ఫలానా ఊరు, తండ్రి పేరు ఫలానా, గద్దెల కాడికి రావాలె. అరగంట టేపులో తొమ్మిది మంది పేర్లు, ఊర్లు శుభ్రంగా వినిపిస్తాయి. పాడినవాళ్ళవి తప్ప. ఆ ప్రకటనలు కోసేయమని ఇక్కడొకాయన సలహా ఇచ్చాడు. నేను కోయలేదు. జాతర అంటే అదే కదా.

నీ పని ఇది. ఈ మూడు క్యాసెట్లలోంచి రెండేసి నిమిషాల ముక్కలు చిన్నోని ఫోన్‌లోకి పంపాను. వాణ్ణి వెంటబెట్టుకుని పోయి, తెలిసినవాళ్ళకు వినిపించి, పేర్లు కనుక్కో. బతుకమ్మ పాటకు పద్మాక్షి గుట్ట కింది ముసలమ్మలను అడుగు. అందరూ ఉయ్యాలో అని అందుకుంటున్నా, ముందు ఎత్తుకునే ఆమె గొంతు ఒక్కటే కొంచెం బొంగురుగా ఉంటుంది. గుర్తుపట్టకపోవడం ఉండదు. మేడారం ముక్క తాడ్వాయిలో వినిపిస్తే చాలు, దారి వాళ్ళే చూపిస్తారు.

పేరు ఒక్కటి చాలదు. ఏ ఊరు, పక్కన వంత పాడిందెవరు, డోలు ఎవరిది, అన్నీ కావాలి. మనిషి ఉంటే ఆయన్ను, లేకపోతే ఇంటివాళ్ళను, రేడియోలో వేసుకోవచ్చా అని అడుగు. మన చట్టంలో పాడినవాళ్ళకు 50 ఏండ్ల హక్కు ఉంది, 1997లో చెప్పిన కథ మీద 2047 దాకా వాళ్ళ మాట చెల్లుతుంది. చట్టం లేకపోయినా అడగాల్సిందే అనుకో. వద్దంటే వేయను, బతిమాలకు. ఒప్పుకున్నా, ఒప్పుకోకపోయినా మొత్తం కథ పెన్ డ్రైవ్‌లో వేసి ఆ ఇంట్లో ఇచ్చి రా. డబ్బులు నేను పంపుతా, నీ జేబులోంచి తీయకు.

పదిహేడు గురించి ఇంకొంచెం. ఒగ్గు కథలో పేరుమోసిన చుక్క సత్తయ్య గారిదేమో అని మొదట ఆశపడ్డాను. ఆ మాణిక్యాపురం గొంతు నాకు బాగా తెలుసు, ఇది ఆయనది కాదు. ఈయన గొంతులో గరుకు ఎక్కువ, మాట చివర కొంచెం మింగుతాడు. మల్లన్న కేతమ్మ కోసం బయల్దేరే దగ్గర మొదటి పక్క అయిపోయింది. నువ్వు క్యాసెట్ తిప్పి మళ్ళీ బటన్ నొక్కేసరికి పెండ్లి కూడా అయిపోయింది! చాయ్‌కి పోయావు కదా, నిజం చెప్పు. ఆ మధ్యలో పోయిన కథ ఎంత సేపటిదో కూడా పెద్దాయన దొరికితే అడగాలని ఉంది.

సజ్జ మీద ఇంకా రెండు అట్టపెట్టెలు ఉన్నాయని అత్తమ్మ చెప్పింది. ఎండాకాలం వచ్చే లోపల కిందికి దింపించండి. పాత డెక్కులో వేసి చూడకు, టేపు వెనక ఉండే స్పాంజి ముక్క ఊడి ఉంటే చుట్టుకుపోతుంది. లేబుళ్ళు చింపకు, బాకీలతో సహా నాకు కావాలి.

ముందు పదిహేడుతో మొదలుపెట్టు. సంక్రాంతికి ఐలోని జాతర అవుతుంది కదా, అప్పుడు చూద్దాం అనుకోకు. ఈ లోపలే ఒకసారి వర్ధన్నపేట దిక్కు పోయి రా. ముక్కలో ఒక నిమిషం దాటాక వంత పాడేవాడు పాట మధ్యలో ఫక్కున నవ్వుతాడు, పెద్దాయన కసురుతాడు. అక్కడ ఆపి అడుగు. గొంతు మరిచిపోయినా, ఆ నవ్వును ఊరివాళ్ళు పట్టుకుంటారు.

ఉంటాను.

నీ అల్లుడు

మరిచాను: పటేల్ ఆ 40 రూపాయలు ఇచ్చాడా?