బతికించడానికి పనికొచ్చే పాలసీ ఒకటి ఇప్పించండి

భారత బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ అధ్యక్షుల వారికి,
హైదరాబాదు.

నమస్కారం.

నేను విజయవాడలో కుక్కలకు, పిల్లులకు వైద్యం చేసే పశువైద్యుడిని. మొదటి టీకాకు కుక్కపిల్లను తెచ్చిన ప్రతి ఇంటివాళ్లకూ నేను మూడు మాటలు చెబుతాను. టీకాలు తేదీ తప్పకుండా వేయించండి, పిడుదులు పట్టకుండా చూసుకోండి, వీలైతే బీమా చేయించండి. మొదటి రెండింటికీ తల ఊపుతారు. మూడో మాటకు నవ్వుతారు. "కుక్కకు కూడానా, డాక్టరు గారూ!" ఆ నవ్వుకు నా దగ్గర జవాబుంది. నవ్వు ఆపి, "సరే, ఏ పాలసీ తీసుకోమంటారు?" అని అడిగినవాళ్లకు మాత్రం నమ్మకంగా ఒక పేరు చెప్పలేకపోతున్నాను. అందుకే మీకు రాస్తున్నాను.

ముందు ఆ మూడో మాట ఎందుకు చెబుతామో విన్నవించుకోవాలి. పశువైద్యుడు బీమా ఊసెత్తగానే కమీషను ఉందేమోనని కొందరు అనుమానిస్తారు. నాకు పైసా రాదు. పార్వో అనే వైరస్ సోకిన కుక్కపిల్లను ఒక్కసారి చూసినవాళ్లకు కారణం వేరే చెప్పనక్కర్లేదు. వాంతులు, నెత్తురు విరేచనాలు, గంటల్లో ఒళ్లు ఎండిపోతుంది. ఆ వైరస్‌ను చంపే మందంటూ మా చేతిలో లేదు. సెలైన్ ఎక్కిస్తూ, వాంతులు ఆపుతూ, పేగుల నుంచి నెత్తురులోకి బ్యాక్టీరియా పాకకుండా యాంటీబయాటిక్స్ ఇస్తూ, ఐదు నుంచి ఏడు రోజులు రాత్రీ పగలూ కాపలా కాయాలి. అలా కాపాడుకుంటే ఎక్కువ పిల్లలు బతుకుతాయి. వదిలేస్తే ఎక్కువ పిల్లలు చనిపోతాయి. అంటే ఇక్కడ చావుబతుకుల్ని తేల్చేది చాలావరకు ఆ వారం రోజుల ఖర్చే.

ఆ ఖర్చును ఇంటివాళ్లు రోజుకింత చొప్పున కడతారు. మొదటి రోజు ధైర్యంగా ఉంటారు. రెండో రోజు బంధువులకు ఫోన్లు చేస్తారు. మూడో రోజు ఇంటి పెద్ద పక్కకు పిలిచి గొంతు తగ్గించి అడుగుతాడు: "మీరు చెప్పినవన్నీ చేస్తే ఇంకా ఎంతవుతుంది, డాక్టరు గారూ?" నేను చెబుతాను. ఆయన కాసేపు ఆగి, "బాధపడుతోంది కదా, ఇంజెక్షన్ ఇచ్చేయండి" అంటాడు. పిల్ల అప్పుడప్పుడే కోలుకుంటూ ఉండవచ్చు. మా వృత్తిలో కారుణ్య మరణం అవసరమయ్యే సందర్భాలున్నాయి, కాదనను. కానీ నయమయ్యే జబ్బుకు, డబ్బు చాలక ఆ సూది వేయాల్సి రావడంలో కారుణ్యం ఎక్కడుంది? ఆ ఇంటి పెద్దను తప్పుపట్టలేం. నెలకు వచ్చేది లెక్కపెట్టుకుని బతికే మనిషి ఉన్నట్టుండి వేలకు వేలు ఎక్కడి నుంచి తెస్తాడు? అదే డబ్బు ఏడాదికి కొంత చొప్పున ముందే కట్టి ఉంటే ఆ మూడో రోజు సంభాషణ జరిగేది కాదు.

మన వాతావరణంలో పిడుదుల జ్వరం ఏడాది పొడుగునా ఉంటుంది. అందులో ఎర్లీకియా అనే రకమైతే డాక్సీసైక్లిన్ మాత్రలు ఇరవై ఎనిమిది రోజులు వాడితే చాలావరకు సరిపోతుంది, ఖర్చూ తక్కువే. పిడుదుల వల్లే వచ్చే బబీసియాలో ఒక రకానికి మాత్రం ఖరీదైన మందులు కావాలి, నెత్తురు పరీక్షలు మళ్లీ మళ్లీ చేయాలి. నెత్తురు ఎక్కించాల్సి వస్తే మరో ఇంటి ఆరోగ్యమైన కుక్కను బతిమాలి తెచ్చుకోవాలి. ఇక గ్రేట్ డేన్ లాంటి పెద్ద కుక్కకు కడుపు మెలిపడితే కొన్ని గంటల్లో కోత పెట్టాలి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్క గర్భసంచిలో చీము పట్టినా, మగపిల్లికి మూత్రం బిగుసుకుపోయినా వైద్యానికి అంతే తొందర. ఇవేవీ జీతాలు పడే రోజు చూసుకుని రావు.

ప్రభుత్వ పశువైద్యశాలలు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, వాటిలో పనిచేసే నా మిత్రుల నేర్పు మీద నాకు గౌరవముంది. కానీ ఆ వ్యవస్థ పాడి పశువు కోసం, గొర్రె కోసం, కోడి కోసం కట్టుకున్నది. అర్ధరాత్రి కుక్కను చేర్చుకుని తెల్లవార్లూ సెలైన్ చూసే ఏర్పాటు అక్కడ అరుదు.

బీమా విషయంలోనూ ఇదే చిక్కు. మన దేశంలో జంతువుల బీమా పశువుల బీమాగానే ఎదిగింది. చెవికి పోగు వేస్తారు, పశువుకు మార్కెట్ విలువ కడతారు, అది చనిపోతే పశువైద్యుడి ధ్రువపత్రం చూసి ఆ విలువ చెల్లిస్తారు. రైతుకు అది సరైన పద్ధతి. గేదె అతని జీవనాధారం, పోతే ఆ డబ్బుతో ఇంకో గేదెను కొనుక్కుంటాడు. జాతీయ పశుధన మిషన్‌లో 2024లో చేసిన మార్పుతో ప్రీమియంలో రైతు వాటా 15 శాతానికి తగ్గింది. చాలా మంచి పని. అయితే ఇదే అచ్చును కుక్కకు వాడినప్పుడు లెక్క తలకిందులవుతుంది. ప్రభుత్వ రంగ కంపెనీల పాత కుక్కల పాలసీలు ప్రధానంగా మరణానికి పరిహారమిచ్చేవి. కుక్క పోయాక దాని ఖరీదు చేతికొస్తే యజమానికి ఒరిగేదేమిటి? ఆయనకు డబ్బు కావాల్సింది అది నా బల్ల మీద ఊపిరితో ఉన్నప్పుడు. పైగా మార్కెట్ విలువ ప్రకారం చూస్తే వీధిలో దొరికి ఇంట్లో పెరిగిన నాటు కుక్క విలువ సున్నా. లాబ్రడార్‌కు ఉన్న విలువ దానికి లేదని రాసే కాగితం, రెండింటికీ పార్వో వైద్యం ఖర్చు ఒకటేనన్న సంగతి మరిచిపోతోంది.

2020 నుంచి ప్రైవేటు కంపెనీలు వైద్య ఖర్చును కూడా భరించే పాలసీలు తెచ్చాయి. సంతోషం. కానీ ఒక్కో కంపెనీది ఒక్కో దారి. వయసు పరిమితి ఒకచోట ఒకలా, మరోచోట ఇంకోలా ఉంటుంది. పాలసీ తీసుకున్నాక క్లెయిముకు ఆగాల్సిన నిరీక్షణ కాలమూ అంతే. ఏ జబ్బు లోపల, ఏ జబ్బు బయట అన్నది చిన్న అక్షరాల్లో ఇంగ్లీషులో ఉంటుంది. పిల్లులకైతే దొరికే పాలసీలే తక్కువ. నా మాట విని పాలసీ తీసుకున్న ఒకాయన తన కుక్క పిడుదుల జ్వరానికి క్లెయిము పెట్టుకున్నారు. అది నివారించదగిన జబ్బు కాబట్టి చెల్లించం అని కంపెనీ తేల్చేసింది. మందు చుక్కలు క్రమంగా వేస్తున్నా ఒక్క పిడుదు కరిస్తే చాలు, జ్వరం రావచ్చు. కృష్ణా తీరంలో కుక్కకు బీమా ఇస్తూ పిడుదుల జ్వరాన్ని మినహాయించే కంపెనీ ఇక మిగిల్చిందేమిటో నాకు అర్థం కాలేదు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. కానీ ఆ తర్వాత ఎవరికైనా బీమా గురించి చెప్పేటప్పుడు నా గొంతు కొంచెం తగ్గింది.

దీనికి మందు మీ చేతుల్లోనే ఉంది, మనుషుల విషయంలో మీ సంస్థ అది చేసి చూపించింది కూడా. 2020 ఏప్రిల్ 1 నుంచి ఆరోగ్య సంజీవని పేరుతో ఒకే రకం పాలసీని ఆరోగ్య బీమా అమ్మే కంపెనీలన్నీ ఇవ్వాలని ఆదేశించారు. షరతులన్నీ ఒకటే, ధర మాత్రం కంపెనీ ఇష్టం. 2024లో ముందునుంచే ఉన్న జబ్బుల నిరీక్షణ కాలాన్ని గరిష్ఠంగా 36 నెలలకు తగ్గించారు. పాలసీ సారాంశాన్ని తేలిక మాటల్లో ఒక కాగితం మీద ఇవ్వాలన్నారు, కోరితే స్థానిక భాషలోనూ ఇవ్వాలన్నారు. నేను అడిగేది ఇదే అచ్చులో పెంపుడు జంతువులకు ఒక పాలసీ. కుక్కకూ పిల్లికీ వర్తించాలి, జాతి పేరు అడగకూడదు. బీమా మొత్తం జంతువు ఖరీదును బట్టి కాకుండా వైద్యం ఖర్చును బట్టి ఉండాలి. టీకాలు సమయానికి వేయించి ఉంటే, ఈ ప్రాంతంలో సాధారణంగా వచ్చే జబ్బులేవీ మినహాయింపుల్లోకి పోకూడదు. మరణ పరిహారం కావాలంటే విడిగా కొనుక్కుంటారు.

గుర్తింపు కష్టమని కంపెనీలు అనవచ్చు. ఒక కుక్కకు బీమా కట్టి మరో కుక్కకు క్లెయిము పెట్టే మోసాలు జరుగుతాయన్న భయం నిజమైనదే. బియ్యపు గింజంత మైక్రోచిప్ మెడ దగ్గర చర్మం కింద వేస్తే 15 అంకెల సంఖ్య జీవితాంతం చెరగకుండా ఉంటుంది. దాన్ని తప్పనిసరి చేయండి, మేం అభ్యంతరం చెప్పం. మా వైపు లోపమూ ఉంది. చాలా క్లినిక్కుల్లో కేసు షీటంటే ఒక చిన్న చీటీ, దాని మీద మందుల పేర్లు. అలాంటి చీటీ చూసి క్లెయిము ఎలా తేల్చగలరు? భారత పశువైద్య మండలితో కూర్చుని ఒకే నమూనా కేసు పత్రం, క్లెయిము పత్రం రూపొందించండి. రిజిస్టరైన పశువైద్యుడు తన నంబరు వేసి సంతకం చేస్తే అది చెల్లాలి.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. బీమా వస్తే పశువైద్యుల బిల్లులు పెరుగుతాయన్నది ఊహాగానం కాదు. స్వీడన్‌లో కుక్కకు మొదటి బీమా 1924లోనే ఇచ్చారు, ఇప్పుడక్కడ ఎక్కువ కుక్కలకు బీమా ఉంది, మంచిదే. బ్రిటన్‌లో కూడా బీమా బాగా పాతుకుపోయింది. కానీ అక్కడ పశువైద్యం ధరల మీద గగ్గోలు పుట్టి, పోటీ నియంత్రణ సంస్థ 2024లో పూర్తిస్థాయి విచారణే మొదలుపెట్టాల్సి వచ్చింది. అందుకే బిల్లులో కొంత భాగం యజమాని భరించే షరతు పెట్టండి. ఆరోగ్య సంజీవనిలో అది 5 శాతం. ఇక్కడ ఇంకొంచెం ఎక్కువైనా ఫర్వాలేదు. యజమాని బిల్లు చదువుతాడు, నేనూ అనవసరమైన పరీక్ష రాయడానికి వెనకాడతాను. నా తోటి వైద్యుల్లో కొందరికి ఈ మాట రుచించదని తెలుసు.

మనుషులకే బీమా సరిగ్గా లేని దేశంలో కుక్కలకెందుకని అడిగేవాళ్లు తప్పకుండా ఉంటారు. ఇక్కడ నేను సబ్సిడీ అడగడం లేదు. ప్రీమియం మొత్తం యజమానే కడతాడు. జంతువును పెంచుకునే మనిషి దాని బాగోగులు చూడాలని 1960 నాటి జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం మూడో సెక్షను బాధ్యత పెట్టింది. ఆ బాధ్యత మోయడానికి సాధనమేదో చట్టం చెప్పలేదు. వైద్యం భరించలేక రాత్రిపూట కాలువగట్టు మీద వదిలేసిన జబ్బు కుక్కలు చివరికి మునిసిపాలిటీ మెడకే చుట్టుకుంటాయి.

ముసాయిదా ఒకటి సిద్ధం చేసి ప్రజాభిప్రాయానికి పెట్టండి. తెలుగులో కూడా పెట్టండి. నేనూ మా ఊళ్లోని నా తోటి వైద్యులూ యజమానుల పేర్లు తీసేసి మా కేసు షీట్లు తెచ్చి ఇస్తాం. ఏ జబ్బు ఎన్నిసార్లు వస్తోంది, ఎంత ఖర్చవుతోంది, ఏ రోజున యజమాని వైద్యం ఆపించేశాడు అన్నవన్నీ వాటిలో ఉంటాయి. ప్రీమియం లెక్కగట్టే మీ నిపుణులకు అవి పనికొస్తాయి.

భవదీయుడు,
విజయవాడ నుంచి ఒక పశువైద్యుడు