ఎర్రచందనం మొక్క ఇస్తారు సరే, ఆ కొండ ఎవరిస్తారు?

ఎడిటర్ గారికి నమస్కారం,

ఆదివారం వచ్చిందంటే మీ పేపర్ ప్రాపర్టీ పేజీల్లో ఫామ్ ప్లాట్ల యాడ్స్ చూస్తూనే ఉన్నా. రెండు గుంటలు కొనండి, ఎర్రచందనం, శ్రీగంధం మొక్కలు ఫ్రీ, పదిహేనేళ్ళకి కోట్లు, మెయింటెనెన్స్ మాదే, డ్రిప్ కూడా మేమే వేయిస్తాం అని. మాది రైల్వే కోడూరు, శేషాచలం కొండల కింద పుట్టి పెరిగినోళ్ళం, ఎర్రచందనానికి డ్రిప్ అనే మాట చదివినప్పుడల్లా ముందు నవ్వొస్తుంది, తర్వాత కడుపు మండుతుంది, ఎందుకంటే మా బావమరిది కూడా ఒకటి కొన్నాడు.

ఎర్రచందనం అడవిలో దానంతటది పెరిగేది ఎక్కడండీ? శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండ, నల్లమలలో కొంచెం, ఆ చుట్టుపక్కల ఇంకొంచెం, అంతే. ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. అక్కడ ఎవడూ నాటలేదు, ఎవడూ నీళ్ళు పోయలేదు. నేల చూస్తే నేల అనబుద్ధి కాదు, క్వార్ట్‌జైట్ రాయి, పైన జానెడు గులకమట్టి. ఎండాకాలం 40 డిగ్రీలు దాటి కాస్తుంది, వాన పడితే నీళ్ళు నిలవవు, జారి వాగులో పడిపోతాయి. నైరుతి వాన కొంత, అక్టోబర్ నుంచి ఈశాన్యం వాన కొంత, మిగతా కాలమంతా ఎండే. మా వైపు కొండ తొలిచి రోడ్డేసిన చోట్ల చూడండి, వేరు గుండ్రంగా ఉండదు, రాతి పగులు ఎంత సందిస్తే అంత పలచగా అణిగిపోయి కిందకి దిగుంటుంది, తేమ ఎక్కడుంటే అక్కడిదాకా పోయుంటుంది. పైన చెట్టేమో ఎండలు ముదిరేలోపే ఆకు రాల్చేసి మోడులా నిలబడుతుంది, ఉన్న కాస్త నీళ్ళు ఆకుల్లోంచి పోకుండా.

ఇంత కష్టం పడింది కాబట్టే దానికి ఆ రేటు. ఎర్రచందనంలో కొనేది చేవనే కదా, దాని చుట్టూ ఉండే తెల్లచెక్కని ఎవరు కొంటారు. చెట్టు లోపలి పాత కణాలు నీళ్ళు మోయడం మానేసి చచ్చిపోయేటప్పుడు వాటిలో శాంటలిన్ అనే ఎర్ర రంగు పదార్థం, ఇంకా అలాంటివి నిండుతూ వస్తాయి, అదే చేవ. రాళ్ళల్లో నిదానంగా పెరిగిన చెట్టు పైకి సన్నగానే ఉంటుంది కానీ లోపల గట్టిగా, ఎర్రగా ఉంటుంది, బరువెంతంటే దుంగ నీళ్ళల్లో వేస్తే మునిగిపోతుంది. అదే మంచి మట్టిలో డ్రిప్పు, ఎరువు పెట్టి పెంచితే చెట్టు జమ్మున లావెక్కుతుంది, ఫోటోకి బాగుంటుంది, ఆ లావులో ఎక్కువ భాగం తెల్లచెక్కే. బయట నాటితే అసలు చేవే పట్టదు అని నేననట్లేదు, ఎర్రనేల, గరుకు మట్టి, నీళ్ళు పారిపోయే వాలు ఉన్న చోట పెంచుతున్నోళ్ళున్నారు. కానీ వాళ్ళు కూడా పదిహేనేళ్ళు అని చెప్పరు, మన పిల్లల కాలానికి అంటారు.

ఇప్పుడు మా బావమరిది ప్లాట్ సంగతి. సదాశివపేట వైపు, నల్లరేగడి. నల్లరేగడి పత్తికి, కందికి, శనగకి బంగారం, నేను కాదనను. వాన తగలగానే ఉబ్బుతుంది, నీళ్ళు పట్టుకుని వదలదు. శ్రావణంలో పోయి చూస్తే గుంత గుంతలో నీళ్ళున్నాయి, మొక్క ఆకులు పసుపు పచ్చ, ఒకటి పీకి చూస్తే వేరు నల్లబడి తోలు ఊడొస్తోంది, కుళ్ళు వాసన. వేరుకి కూడా గాలి కావాలి కదా, మట్టి సందుల్లో గాలి ఉండాల్సిన చోట నీళ్ళు నిలిస్తే ఊపిరాడక చస్తుంది. బతికిన మొక్కలకి ఎండాకాలంలో ఇంకో కష్టం, అదే నేల బెత్తెడు వెడల్పు పగుళ్ళిచ్చి లేత వేర్లని తెంపేస్తుంది. కంపెనీ వాళ్ళని అడిగితే చచ్చినవి మళ్ళీ నాటిస్తాం సార్ అన్నారు, అదే గుంతలో. శ్రీగంధం మొక్కలదీ అదే కథ, అది పక్క మొక్కల వేర్ల నుంచి నీళ్ళు, పోషకాలు లాక్కుని బతికే రకం, వీళ్ళేమో చుట్టూ గడ్డి పరక కూడా లేకుండా నీట్‌గా చెక్కించి పెట్టారు. ప్లాట్ నీట్‌గా ఉంటేనే కస్టమర్ కొంటాడట!

మనకి తెలియనిదేం కాదు ఇది. అరకు కాఫీ మొక్క తెచ్చి విజయవాడలో పెట్టి కాఫీ తాగుదాం అంటే ఎవరైనా నవ్వుతారు, ఆ ఎత్తు, ఆ చలి, ఆ నీడ ఉంటేనే అది కాస్తుందని అందరికీ తెలుసు. ఎర్రచందనం దగ్గరికొచ్చేసరికి మాత్రం కోట్లు అనే మాట వినగానే నేల సంగతి మర్చిపోతాం. 1990ల్లో టేకు ప్లాంటేషన్ కంపెనీలు ఇలాగే జనం దగ్గర డబ్బులు వసూలు చేసి చాలావరకు మునిగాయి, ఆ గోలంతా అయ్యాక 1999లో షేర్ మార్కెట్‌ని అదుపులో పెట్టే సెబీ, ఇలా పదిమంది డబ్బు పోగేసి పెట్టుబడి పెట్టే కలెక్టివ్ ఇన్వెస్ట్‌మెంట్ స్కీములకి రూల్స్ తెచ్చింది. ఇప్పుడు మొక్క మారింది, బ్రోషర్ అదే. పైగా ఎర్రచందనం 1995 నుంచి సైటిస్ అనుబంధం 2లో ఉంది, అంటే దేశాల మధ్య అమ్మకాన్ని కట్టడి చేసే అంతర్జాతీయ ఒప్పందం జాబితాలో, సొంత పొలంలో పెంచినా కొట్టి తరలించాలంటే ఫారెస్ట్ వాళ్ళ పర్మిషన్లు కావాలి, ఎక్స్‌పోర్ట్ అంటే ఇంకో తలనొప్పి. యాడ్‌లో ఇదొక్క ముక్క కూడా ఉండదు.

అందుకని మిమ్మల్ని అడిగేది ఇంతే. ఇలాంటి యాడ్ తీసుకునేటప్పుడు నేల రకం ఏంటి, రాయి తగిలేదాకా మట్టి లోతెంత, వానాకాలంలో నీళ్ళు ఎన్ని రోజులు నిలుస్తాయి, ఈ మూడూ రాయమనండి, రాయకపోతే వేయొద్దు. మీ వ్యవసాయం పేజీలో ఒక్క వారమైనా ఫారెస్ట్ రిటైర్డ్ ఆఫీసర్ ఎవరినైనా కూర్చోబెట్టి ఏ జిల్లా నేలలో ఎర్రచందనానికి చేవ పడుతుందో, ఎక్కడ పట్టదో రాయించండి. ఆ ఆర్టికల్ ప్రాపర్టీ పేజీ వచ్చే ఆదివారం రోజే వేస్తే ఇంకా మంచిది.

ఇట్లు,
ఒక పాఠకుడు, మియాపూర్