హైదరాబాద్ నుంచి అమెరికాకు నేరుగా విమానం కావాలి

కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి,

నమస్కారం. మాది తెనాలి. ఉద్యోగం డాలస్‌లో. ఇక్కడి తెలుగు ఇళ్లలో పురుళ్లకీ, పిల్లల్ని చూసుకోవడానికీ అమ్మానాన్నలు వస్తూ పోతూ ఉంటారు. వాళ్ల ప్రయాణం గురించే ఈ లేఖ.

శంషాబాద్ నుంచి డాలస్‌కు సూటిగా కొలిస్తే దాదాపు 14,400 కిలోమీటర్లు. ఆ దారి ఉత్తర ధ్రువానికి దగ్గరగా పోతుంది. దుబాయ్ మీదుగా వస్తే సుమారు 15,500. అంటే పెరిగేది వెయ్యి కిలోమీటర్ల పైచిలుకే, విమానానికి గంటన్నర పని. గాలిలో ఉండేది మొత్తం ఇరవై గంటలు. కానీ తెనాలిలో గడప దాటింది మొదలు ఇక్కడ మా ఇంట్లో కాలు పెట్టేసరికి ఒకటిన్నర రోజు దాటిపోతోంది. పెద్దవాళ్లు హడలిపోయేది విమానంలో కూర్చోవడానికి కాదు, మధ్యలో దిగి మారడానికి.

మా అమ్మ మొదటిసారి ఒంటరిగా వచ్చినప్పుడు హ్యాండ్‌బ్యాగ్‌లో ఇంగ్లిష్‌లో రాసిన చీటీ పెట్టాం: ‘నాకు ఇంగ్లిష్ రాదు. నేను డాలస్ వెళ్లాలి. దయచేసి గేటు దగ్గరకు తీసుకెళ్లండి.’ విమానం మారే చోట వీల్‌చైర్ తోసే మనిషి ఆమెను ఒక మూల కూర్చోబెట్టి వెళ్లిపోయాడు. అమ్మ ఆ చీటీ పట్టుకుని దారిన పోయేవాళ్లందరికీ చూపించింది. ఎవరో హైదరాబాద్ అమ్మాయి చూసి గేటు దాకా తోడు రాబట్టి సరిపోయింది. ఇక్కడ మాకు ఫోన్ కలవక ఒకటే టెన్షన్. షికాగోలోనో న్యూయార్క్‌లోనో దిగి మారే టికెట్ అయితే ఇంకా కష్టం. ఇమిగ్రేషన్ అయ్యాక 23 కిలోల సూట్‌కేసులు రెండూ బెల్టు మీద నుంచి దింపుకుని, కస్టమ్స్ దాటించి మళ్లీ అప్పజెప్పాలి. మోకాళ్ల నొప్పులున్న మనిషి ఎలా ఎత్తుతుంది చెప్పండి?

నేరు విమానం కొత్త ఆశేమీ కాదు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్–షికాగో నడిపింది, తర్వాత ఆగిపోయింది. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు 15,300 కిలోమీటర్లు, పద్దెనిమిది గంటలకు పైగా, మధ్యలో ఆగకుండా వెళ్తున్నారు. మన దూరం అంతకంటే తక్కువే.

అడ్డంకులు నాకూ తెలుసు. అంత దూరం పోగల విమానాలు మన సంస్థల దగ్గర కొద్దిగానే ఉన్నాయి. 2025 ఏప్రిల్‌లో పాకిస్థాన్ గగనతలం మూసేశాక ఢిల్లీ నుంచి అమెరికా వెళ్లే విమానాలే కొన్ని వియన్నాలో ఆగి ఇంధనం నింపుకోవాల్సి వచ్చింది. పైగా ఎయిర్ ఇండియా 2022లో టాటాల చేతికి వెళ్లింది, ఫలానా రూటు నడపమని మీరు హుకుం జారీ చేయలేరు. కానీ 2005 నుంచి మనకూ అమెరికాకూ ఓపెన్ స్కైస్ ఒప్పందం (రెండు దేశాల విమాన సంస్థలూ తమకు నచ్చిన రూట్లలో నడుపుకోవచ్చనే ఒప్పందం) ఉంది, ఆ దేశపు సంస్థలు కూడా హైదరాబాద్‌కు రావచ్చు. వాళ్లనూ, మన సంస్థలనూ, విమానాశ్రయం వాళ్లనూ, రెండు తెలుగు రాష్ట్రాలనూ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టండి. విమానం నడిపే సంస్థకు మొదటి రెండేళ్లు విమానాశ్రయ ఛార్జీల్లో రాయితీ ఇప్పించండి. డాలస్ కాకపోతే శాన్‌ఫ్రాన్సిస్కో అయినా సరే, మొదలుపెట్టించండి.

అది వచ్చేలోగా, విమాన సంస్థలకు నిబంధనలు పెట్టే డీజీసీఏ చేత ఒక్క పని చేయించండి. మన దేశంలో వీల్‌చైర్ బుక్ చేసుకుని బయల్దేరిన వృద్ధులను, విమానం మారే చోట తర్వాతి గేటులో సిబ్బందికి అప్పగించేదాకా బాధ్యత టికెట్ అమ్మిన సంస్థదే అని రాతపూర్వకంగా నిబంధన పెట్టండి. అప్పగించిన వెంటనే ఇంట్లోవాళ్ల ఫోన్‌కు మెసేజ్ రావాలి. వచ్చే వేసవి రద్దీ మొదలవకముందే ఇది అమల్లోకి తెస్తారని ఎదురుచూస్తుంటాం.

ఇట్లు,
డాలస్‌లో ఉంటున్న ఒక తెనాలి వాసి