బొమ్మల కథల అర: అమ్మినవెన్ని, మిగిలినవెన్ని

పోయిన జూన్‌లో మన కొట్లో గుమ్మం పక్కన కొత్త అర పెట్టాను, చాలామంది చూసే ఉంటారు. ఒక్కో పుస్తకంలో పది, పదిహేను మంది ఆర్టిస్టుల చిన్న చిన్న బొమ్మల కథలుండే కామిక్స్ సంకలనాలు అవి. మొత్తం 40 తెప్పించాను. దసరా సెలవులు అయ్యేసరికి అమ్ముడుపోయినవి 9. వాటిలో రెండు నేనే కొని మా మేనకోడలికి ఇచ్చాను కాబట్టి 7 అనుకోండి.

ఈ కొట్టు నడిచేది గైడ్లు, లాంగ్ నోట్‌బుక్కులు, జెరాక్సు మీద. ఆ సంగతి మీకూ తెలుసు. అదే డబ్బు జూన్‌లో నోట్‌బుక్కుల మీద పెట్టి ఉంటే ఈపాటికి రెండుసార్లు తిరిగొచ్చేది. అయినా ఆ అర తీసెయ్యడం లేదు.

ముందు నా తప్పు చెప్పుకోవాలి. వాటిని తీసుకెళ్లి రంగులేసే పుస్తకాల పక్కన పెట్టాను. బొమ్మలుంటే పిల్లలవేనని జనం అనుకుంటారని ఎప్పుడూ సణిగే నేనే ఆ పని చేశాను. ఒకావిడ రెండో తరగతి బాబుకని ఒకటి కొనుక్కెళ్లి, మర్నాడు పొద్దున్నే తెచ్చి కౌంటరు మీద పెట్టారు. "ఇది పిల్లోడికి ఇచ్చేదేనా తల్లీ?" అన్నారు. కాదు. అది 2015లో జుబాన్ అనే ప్రచురణ సంస్థ వేసిన 'డ్రాయింగ్ ద లైన్'. 14 మంది యువతులు, రంగు తక్కువని మాటలు పడటం దగ్గర్నుంచి వీధిలో వేధింపుల దాకా, తమకు తెలిసిన బతుకును తమ గీతలో చెప్పిన పుస్తకం. ఇంట్లో కాలేజీకి వెళ్లే ఆడపిల్ల ఉంటే నేనే చేతిలో పెడతాను. రెండో తరగతికి మాత్రం కాదు. డబ్బులు తిరిగిచ్చేశాను.

అర కౌంటరు దగ్గరికి మార్చాక తెలిసింది, వీటిని కొనేది ఎవరో. కామిక్స్ పిచ్చి ఉన్న కుర్రాళ్లు కాదు, వాళ్లు ఫోన్లో చదివేసుకుంటున్నారు. మన నెల్లూరు పొగతోటలో ఆసుపత్రుల ముందు కూర్చునేవాళ్లు! ఉదయగిరి వైపు నుంచి వాళ్లమ్మను చూపించడానికి వచ్చిన ఒకతను, "మా టోకెన్ 43 అక్కా, ఇప్పుడు 12 నడస్తా ఉండాది. పెద్ద పుస్తకం వద్దు, మజ్జెలో పిలస్తారు" అన్నాడు. ఆరు పేజీలకొక కథ అయిపోయే పుస్తకం ఇచ్చాను. ఇంగ్లీషు అంతంత మాత్రమే అన్నాడు, పర్లేదు చూడమన్నాను. సాయంత్రం బస్సుకు వెళ్తూ మళ్లీ వచ్చాడు. అందులో మాటే లేని కథ ఒకటుంది, వట్టి నల్ల సిరాతో గీసింది. ఆ పేజీ తెరిచి, "ఈ బొమ్మలేసినాయన ఇంకేమన్నా ఏసినాడా?" అని అడిగాడు.

ఆ ఒక్క ప్రశ్న కోసమే ఈ పుస్తకాలు. ఎప్పుడూ పేరు వినని మనిషి గీత అనుకోకుండా కళ్లబడి, ఇంకో నాలుగు పేజీలుంటే బాగుండు అనిపించడం. 400 రూపాయలు పెట్టి ఒక కొత్త ఆర్టిస్టు పుస్తకం కొనమంటే ఎవరూ కొనరు, నేనూ కొనను. అదే 400లో పదిహేను మందిని పరిచయం చేసుకోవచ్చంటే ఆలోచిస్తారు.

మా నాన్న ఇదే కొట్లో చందమామలు ఏడాదికొకటిగా బైండు చేయించి అద్దెకిచ్చేవాడు. అవి కామిక్స్ కావు, కథకు బొమ్మలు. కానీ జనం అడిగే తీరు ఇదే. సీరియల్ రాసిందెవరో చాలాసార్లు పేరుండేది కాదు. బొమ్మ మూల మాత్రం 'చిత్రా' అనో 'శంకర్' అనో సంతకం. అట్ట మీద వపా, అంటే వడ్డాది పాపయ్య. భేతాళుణ్ణి భుజాన వేసుకుని కత్తి పట్టుకు నడిచే విక్రమార్కుణ్ణి గీసిన శంకర్ ఎవరో మా కొట్టుకొచ్చేవాళ్లకు తెలియదు, ఆ చెయ్యి మాత్రం అందరికీ తెలుసు. "శంకర్ బొమ్మలున్నది ఇవ్వండి" అని అడిగి తీసుకెళ్లేవాళ్లు.

బయట కూడా ఇంతే. 1938లో సూపర్‌మ్యాన్ మొదట కనబడిన 'యాక్షన్ కామిక్స్'లో అతనిది చాలా కథల్లో ఒకటి. స్పైడర్‌మ్యాన్ అయితే 1962లో మూతపడబోతున్న 'అమేజింగ్ ఫాంటసీ' ఆఖరి సంచికలో వచ్చాడు. ఎలాగూ ఆగిపోయే పత్రిక కదా, పోయేదేముందని వేశామని ఆ కథ రాసిన స్టాన్ లీ తర్వాత చెప్పుకునేవాడు. స్టీవ్ డిట్కో గీసిన ఆ సన్నపాటి కుర్రాడికి, అలా పలు చిన్న కథలు వేసే పత్రికలో చోటు దొరక్కపోతే ఏమయ్యేదో!

ఇంకో నిజం కూడా చెప్పాలి. ఏ సంకలనమూ మొత్తం బాగుండదు. పదిహేను కథల్లో నాలుగైదు నాకే నచ్చవు. మూడో కథ బాగాలేదని పుస్తకం వాపసు తెచ్చినాయనకు మాత్రం డబ్బులివ్వలేదు, మిగతా పద్నాలుగూ చదివేసి వచ్చారు మరి.

ఇక మార్పులు. కొరియర్‌లో ఒక కట్ట తడిసి, 6 పుస్తకాల అట్టలు ఉబ్బిపోయాయి. పంపినవాళ్లు మాది కాదన్నారు, మోసినవాళ్లు మాదీ కాదన్నారు. వాటిని అమ్మను. అద్దెకిస్తాను: రోజుకు 10 రూపాయలు, ఆసుపత్రికి వచ్చినవాళ్లకు సాయంత్రం దాకా 5. డిపాజిట్ 100. కొత్తవాటి మీద డిస్కౌంటు అడగొద్దు, నాకే మిగిలేది తక్కువ.

ప్రతి పుస్తకంలోనూ ఒక చీటీ పెడుతున్నాను. నచ్చిన ఆర్టిస్టు పేరు, నచ్చని పేరు రాసి కౌంటరు మీది డబ్బాలో వెయ్యండి. జపాన్‌లో 'షోనెన్ జంప్' అనే బొమ్మల కథల వారపత్రిక పాఠకులు పంపిన కార్డులు చూసుకునే ఏ కథ ఉంచాలో, ఏది ఆపాలో తేల్చుకుంటూ వచ్చింది. నేను ఏ కథనూ ఆపలేను గానీ, ఎక్కువ చీటీలు వచ్చిన ఆర్టిస్టు సొంత పుస్తకం ఒకటి తప్పకుండా తెప్పిస్తాను.

"తెలుగులో లేవా అక్కా?" అని చాలామంది అడిగారు. నా దగ్గర ఒక్కటీ లేదు. అందుకని సంక్రాంతికి మనమే ఒకటి వేద్దామనుకుంటున్నాను. 24 పేజీలు, జెరాక్సు తీసి పిన్ను కొట్టింది, 30 రూపాయలు. డిగ్రీ చదివే ఇద్దరమ్మాయిలు ఇప్పటికే నాలుగేసి పేజీలు ఇచ్చారు. ఒకటి, కోరికకో రొట్టె అందుకునే మన రొట్టెల పండుగలో స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి, పెళ్లి రొట్టె అడగాలా ఉద్యోగం రొట్టె అడగాలా అని తేల్చుకోలేని పిల్ల కథ. భలే గీసింది. పేరు పుస్తకంలో వేస్తాను, అప్పుడు చూడండి.

ఇంకా 16 పేజీలు ఖాళీ. గీసేవాళ్లు ఏ4 కాగితం మీద, ఒక పక్కనే గీసి తెండి. పెన్సిల్ వద్దు, మన మెషీనుకు పెన్సిల్ గీత పడదు.