చేపల లెక్కతో పాటు ఆ లెక్క పుట్టిన తీరునూ భద్రపరచాలి

సంపాదకులకు నమస్కారం.

వలస చేపల గురించి పత్రికల్లో వార్త వచ్చినప్పుడల్లా అందులో ఒక శాతం కనిపిస్తుంది. ఆ శాతం ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం కనిపించదు. ప్రపంచ చేపల వలస ఫౌండేషన్, లండన్ జంతుశాస్త్ర సంఘం తదితర సంస్థలు 2024లో వెలువరించిన సూచీ ప్రకారం, 1970 నుంచి 2020 వరకు మంచినీటి వలస చేపల సమూహాలు సగటున 81 శాతం తగ్గాయి. నూరు చేపలుంటే ఎనభై ఒకటి పోయాయని దీన్ని అర్థం చేసుకోవడం సహజమే కానీ, ఆ సంఖ్య చెప్పేది అది కాదు. ఏళ్ల తరబడి ఎవరో ఒకరు లెక్కపెడుతూ వచ్చిన సమూహాల్లో ఒక్కొక్కదానిలో వచ్చిన మార్పును తీసుకుని, ఆ మార్పులకు కట్టిన సగటు అది. ఎవరూ లెక్కపెట్టని నదులకు అందులో చోటు లేదు. తగ్గుదల నిజమన్న విషయంలో నాకు సందేహం లేదు, దాని తీవ్రతను తక్కువ చేయాలని ఈ ఉత్తరం రాయడం లేదు. అంత పెద్ద మాట నిలబడేందుకు కింద ఉండవలసిన రికార్డుల పని గురించి ఎవరూ మాట్లాడడం లేదన్న బాధతో రాస్తున్నాను. నేను కొన్నేళ్లపాటు చేపల గణన కార్యక్రమం ఒకదానిలో రికార్డులు చూసే పనిలో ఉన్నాను.

లెక్క అంటే ఏమిటో తెలియడానికి అమెరికాలోని కొలంబియా నది మంచి ఉదాహరణ. ఆ నది మీది బాన్నెవిల్ ఆనకట్ట దగ్గర, గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి ఎదురీదుతూ వచ్చే సాల్మన్ చేపలను 1938 నుంచి లెక్కిస్తున్నారు. ఆనకట్ట పక్కన మెట్లు మెట్లుగా కట్టిన నీటి దారిలో చేపలు పైకి ఎక్కుతాయి. ఆ దారికి పెట్టిన అద్దపు కిటికీ ముందు కూర్చున్న మనిషి ఒక్కో చేపనూ జాతి గుర్తించి లెక్కలో వేస్తాడు. గంటలో 50 నిమిషాలు లెక్కించి, మిగతా 10 నిమిషాలకు సరిపడేలా ఆ సంఖ్యను 1.2తో హెచ్చవేయడం అక్కడ వాడుకలో ఉన్న పద్ధతి. అంటే ఒక గంటకు 120 అని పట్టికలో ఉంటే, కంటితో చూసినవి 100 అన్నమాట. పైకి ఎక్కిన చేపల్లో కొన్ని మళ్లీ ఆనకట్ట కిందికి జారిపోయి, మరోసారి ఎక్కి, రెండుసార్లు లెక్కకు వస్తాయి. వీటిలో ఏదీ తప్పు కాదు. పద్ధతి తెలిసినంతకాలం ఏ హెచ్చుతగ్గునైనా సవరించుకోవచ్చు. పద్ధతిని రాసిపెట్టిన కాగితం పోతే మాత్రం 120 అన్నది చూసిన సంఖ్యా, హెచ్చవేసిన సంఖ్యా అన్నది ఎవరూ చెప్పలేరు.

హద్దుల విషయం ఇంకా సున్నితమైనది. అదే నదిలోకి వచ్చే చినూక్ అనే రకం సాల్మన్‌ను వసంతకాలపు గుంపు, వేసవి గుంపు, శరత్కాలపు గుంపు అని విడదీస్తారు. కిటికీ దగ్గర కూర్చున్నవారు ఏ చేప ఏ గుంపుదో చూసి చెప్పలేరు కనుక తేదీనే హద్దుగా పెట్టుకున్నారు. ఆనకట్ట లెక్కల్లో వసంతకాలపు గుంపు మే 31తో ముగుస్తుంది. చేపల వేటను నియంత్రించే లెక్కల్లో అది జూన్ 15 వరకు సాగుతుంది. జూన్ 10న మెట్లెక్కిన చేప ఒక పట్టికలో వేసవి చేప, మరో పట్టికలో వసంతకాలపు చేప. ఈ రెండు పట్టికలనూ తెలియక ఒకదాని పక్కన ఒకటి పెట్టి గీత గీస్తే, నదిలో ఏ మార్పూ జరగకుండానే గుంపు పెరిగినట్టో తగ్గినట్టో కనిపిస్తుంది.

నా అనుభవంలో ఇంతకన్నా చిన్న కారణానికే రెండు సీజన్ల శ్రమ వృథా అయింది. పొడవు అన్న గడిలో సంఖ్యలు పద్ధతిగా రాసి ఉన్నాయి, కానీ ముక్కు కొన నుంచి తోక చీలిక వరకు కొలిచారా, తోక చివరి దాకా కొలిచారా అన్నది ఎక్కడా లేదు. కొలిచిన వ్యక్తి పదవీ విరమణ చేసి వెళ్లిపోయారు. పుస్తకం మొదటి పేజీలో ఒక్క వాక్యం రాసి ఉంటే సరిపోయేది. అదే పుస్తకంలో కొన్ని తేదీల ఎదురుగా గడులు ఖాళీగా ఉన్నాయి. ఆ రోజు చేపలు రాలేదో, వరద వల్ల మనుషులే వెళ్లలేకపోయారో తెలియలేదు. తర్వాత కంప్యూటరులోకి ఎక్కించినవారు ఆ ఖాళీలన్నిటినీ సున్నాలుగా నింపారు. లెక్కించి చూస్తే ఏమీ రాలేదనడం ఒక పరిశీలన, అసలు లెక్కించలేదనడం పరిశీలన లేకపోవడం. ఈ రెండూ ఒకే గుర్తు కింద కలిసిపోయాక వాటిని విడదీసే మార్గం ఉండదు. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కష్టంగా ఉంటుంది, ఎందుకంటే ఆ ఏడాది వలస మళ్లీ జరగదు. ప్రయోగశాలలో పరీక్షను తిరిగి చేసినట్టు నదిలో గడిచిపోయిన సీజన్‌ను తిరిగి కొలవలేం.

ట్యాగుల కాలం వచ్చాక పని తేలికైందని అనుకునేవారున్నారు. బియ్యపు గింజ కన్నా కాస్త పొడవుగా, సుమారు 12 మిల్లీమీటర్లు ఉండే గాజు గొట్టంలో చిన్న చిప్‌ను అమర్చి చేపపిల్ల శరీరంలోకి ఎక్కిస్తారు. దాన్ని పిట్ ట్యాగు అంటారు. దానికి బ్యాటరీ లేదు. నీటి దారిలో పెట్టిన యాంటెన్నా దగ్గరికి చేప వచ్చినప్పుడు, యాంటెన్నా పంపే రేడియో తరంగాల శక్తితోనే ట్యాగు తన సంఖ్యను పలుకుతుంది, కనుక చేప బతికి ఉన్నంతకాలం పనిచేస్తుంది. కొలంబియా పరీవాహకంలో ఇలాంటి ట్యాగుల సమాచారమంతా పీటాజిస్ అనే ఉమ్మడి భాండాగారంలోకి చేరుతుంది. ఎవరు ట్యాగు వేశారన్న దానితో సంబంధం లేకుండా ఏ ఆనకట్ట దగ్గర ఏ చేప పలికిందో అందరికీ ఒకే చోట దొరుకుతుంది. అన్ని సంస్థలూ ఒకే నియమావళికి కట్టుబడినందువల్లే ఇది సాధ్యమైంది.

ఇంత చేసినా, ఆ సంఖ్య ఒక మనిషి కంప్యూటరులోని స్ప్రెడ్‌షీట్‌ దాకా వచ్చేసరికి చెడిపోవచ్చు. పదిహేను అంకెల ట్యాగు సంఖ్యను ఆ సాఫ్ట్‌వేర్ తనంతట తానే కుదించి చూపుతుంది. ఆ ఫైలును సాదా రూపంలో సేవ్ చేస్తే చివరి అంకెలు పోతాయి. అంకెల మధ్య 'ఇ' అనే ఇంగ్లిషు అక్షరం ఒక్కటే ఉన్న కోడును అది గుర్తుగా కాక, పది ఘాతంతో రాసిన పెద్ద సంఖ్యగా చదువుకుంటుంది. వేర్వేరు చేపలు ఒకే పేరు కిందికి వచ్చేస్తాయి, తప్పు జరిగినట్టు ఎవరికీ తెలియదు. ఈ బెడద చేపలవారికే పరిమితం కాదు. సెప్ట్1, మార్చ్1 వంటి మానవ జన్యువుల పేర్లను స్ప్రెడ్‌షీట్లు తేదీలుగా మార్చేస్తున్నాయని చివరికి 2020లో ఆ జన్యువుల పేర్లనే మార్చవలసి వచ్చింది. ట్యాగు సంఖ్యల గడిని మొదటి రోజునే అక్షరాల గడిగా నిర్ణయించడం నిమిషం పని, దాన్ని ఎవరు చేయాలో ముందే తేల్చి ఉండాలి.

సముద్రంలో తిరిగే చేపలకు వేసే, తమ సంఖ్యను ధ్వని రూపంలో పంపే ట్యాగులది మరో చిక్కు. ఆ ధ్వనులను వినడానికి నీటి అడుగున ఉంచిన రిసీవరు నెలల తరబడి వాటిని తనలో తాను రాసుకుంటూ ఉంటుంది, ఆ కాలంలో దాని గడియారం కొద్దికొద్దిగా పక్కకు జరుగుతుంది. పైకి తీసినప్పుడు ఎంత జరిగిందో నమోదు చేసి సరిదిద్దకపోతే, చేప ముందు ఏ రిసీవరు దాటింది, తర్వాత ఏది దాటింది అన్న క్రమమే తారుమారవుతుంది. ఒక బృందం గడియారం ప్రపంచ ప్రామాణిక కాలంలోనూ, మరో బృందానిది స్థానిక కాలంలోనూ ఉంటే గంటల తేడా వస్తుంది. రెండు ట్యాగుల ధ్వనులు ఢీకొని, లేని చేప ఒకటి పలికినట్టు నమోదవడమూ ఉంది. వీటికి తోడు, ఒక దేశంవారు ట్యాగు వేసిన చేప మరో దేశంవారి రిసీవరుకు వినిపిస్తుంది. ఆ సంఖ్య ఎవరిదో తెలియక అది అనాథగా పడి ఉంటుంది. కెనడాలోని డల్హౌసీ విశ్వవిద్యాలయం కేంద్రంగా నడిచే ఓషన్ ట్రాకింగ్ నెట్‌వర్క్ ఇలాంటి సంఖ్యలను వాటి యజమానులతో కలిపే పని చేస్తుంది. చేప సరిహద్దులు చూసి ఈదదు కనుక, దాని రికార్డు ఒక కార్యాలయం బీరువాలో ఉండిపోతే సగం కథే మిగులుతుంది.

ఈ పనిని చివర్లో చూసుకుందామని వదిలేయడమే నా దృష్టిలో అసలు లోపం. పడవలకు, వలలకు, యాంటెన్నాలకు నిధులు కేటాయిస్తారు. రికార్డులు చూసే మనిషికి మాత్రం కార్యక్రమం ముగిసే దశలో, మిగిలితే, కొంత ఇస్తారు. అప్పటికి నీళ్లలో దిగి పనిచేసిన సిబ్బందిలో సగం మంది వేరే చోటికి వెళ్లిపోయి ఉంటారు. ఏ కొలత ఎలా తీయాలి, ఖాళీని ఎలా రాయాలి, తప్పు దొరికితే మొదటి సంఖ్యను చెరపకుండా సవరణను, సవరించినవారిని, కారణాన్ని ఎక్కడ రాయాలి అన్నవి మొదటి చేప పట్టకముందే తేలాలి. అసలు నమోదును ఎవరూ ముట్టకూడదు; సవరించిన కాపీ దాని పక్కన ఉండాలి. ఇరవై ఏళ్ల తర్వాత ఎవరైనా మన సవరణే తప్పని తేల్చవచ్చు, ఆ అవకాశాన్ని వారికి మిగల్చడం మన బాధ్యత.

డేటా అంతటినీ వెంటనే అందరి ముందూ పెట్టాలని నేను అనడం లేదు. అరుదైన చేప ఇప్పుడు ఏ మడుగులో ఉందో బయటపెడితే దొంగవేటకు దారి చూపినట్టే. నదిని తరతరాలుగా నమ్ముకున్న ఆదివాసుల నుంచి తీసుకున్న సమాచారం మీద వారి మాటే చెల్లాలి. కానీ గోప్యత పేరుతో పద్ధతిని కూడా దాచడం సరికాదు. చేప ఎక్కడుందో దాచవచ్చు, ఎలా లెక్కించారో దాచకూడదు.

పాత రికార్డుల విలువ తెలియడానికి, యాంగ్జీ నదిలోని చైనా పాడిల్‌ఫిష్ అనే చేప సంగతి ఇక్కడ చెప్పాలి. గెజౌబా ఆనకట్ట 1981లో దాని దారిని మూసేసింది. చివరిసారిగా బతికి ఉండగా కనిపించినది 2003లో. 2022లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం అది అంతరించిందని ప్రకటించింది. ఆఖరి ఏళ్లలో అది ఎప్పుడు ఏ మేరకు తగ్గిందో తెలుసుకోవడానికి పరిశోధకులు దాన్ని ఎప్పుడెప్పుడు చూశారన్న పాత నమోదులను ఏరి లెక్కలు కట్టవలసి వచ్చింది.

పత్రికల నుంచి నేను కోరేది చిన్నది. యూరప్ ఈల్ అనే వలస చేప పిల్లల రాకను లెక్కగట్టేవారు ప్రతి ఏటా తమ సూచీని 1960 నుంచి 1979 వరకు ఉన్న సగటుతో పోల్చి చూపుతారు, ఆ మాటను సూచీతో పాటే చెబుతారు. వలస చేపలు ఇంత శాతం తగ్గాయని, లేదా పెరిగాయని మీరు అచ్చువేసేటప్పుడు, ఏ ఏళ్లతో పోల్చారో, ఏ చోట ఎలా లెక్కించారో, ఆ అసలు లెక్క చూడాలనుకున్నవారికి ఎక్కడ దొరుకుతుందో ఒక్క వాక్యంలో చేర్చండి. అడిగిన విలేకరికి ఆ కార్యక్రమం జవాబు చెప్పలేకపోతే, ఆ సంగతిని కూడా వార్తలో రాయండి.

ఇట్లు,
మీ పాఠకుడు