జలుబే కదా అని తేలిగ్గా రాసేశారు

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో గర్భిణులకు జలుబు, జ్వరం వస్తే కంగారు పడక్కర్లేదు, నాలుగు రోజులు విశ్రాంతి తీసుకుంటే అదే పోతుందని వేశారు. ఆరోజే రాద్దామనుకుని, కోపం తగ్గాక రాయడం మంచిదని ఆగాను. తగ్గలేదు.

మా అమ్మాయికి ఏడో నెలలో ఫ్లూ వచ్చింది. మొదటిరోజు మేమూ మీలాగే జలుబే కదా అనుకున్నాం. మర్నాటికి నాలుగు మాటలు మాట్లాడి ఊపిరి కోసం ఆగుతోంది. ఆస్పత్రికి తీసుకెళ్తే జనరల్ మెడిసిన్ వాళ్లు ప్రెగ్నెన్సీ కదా, గైనిక్‌కి వెళ్లమన్నారు. గైనిక్ వాళ్లు బిడ్డ గుండె చప్పుడు విని, బేబీ బాగుంది, దగ్గు సంగతి మెడిసిన్‌లో చూపించుకోండి అన్నారు. ఒకే ఓపీ చీటీ మీద రెండు సంతకాలు, రెండూ అవతలివాళ్ల దగ్గరికి పొమ్మనేవే. చివరికి వరండాలో అటుగా పోతున్న ఒక నర్సమ్మ ఆగి, అమ్మాయి మొహం చూసి, వేలికి ఆక్సిమీటర్ పెట్టింది. రక్తంలో ఆక్సిజన్ 92 శాతం. అప్పుడు మొదలయ్యాయి పరుగులు. గర్భిణికి 95కి తగ్గకూడదని మాకు అప్పుడే తెలిసింది, ఆ సంతకాలు పెట్టినవాళ్లకు ముందే తెలిసుండాలి మరి. తల్లీబిడ్డా క్షేమం, ఆ నర్సమ్మ చలవ.

కడుపు పెరిగేకొద్దీ ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రం అనే కండరం పైకి జరిగి ఊపిరితిత్తులకు చోటు తగ్గుతుంది, ఆక్సిజన్ అవసరమేమో పెరుగుతుంది, రోగనిరోధక శక్తి పనిచేసే తీరూ మారుతుంది. అందుకే ఇంట్లో అందరికీ వచ్చిపోయే ఫ్లూ గర్భిణికి న్యుమోనియా దాకా వెళ్లొచ్చు, నెలలు నిండకుండా కాన్పు అయిపోవచ్చు. ఇదేం కొత్తగా కనిపెట్టింది కాదు. 2009 స్వైన్ ఫ్లూలో అమెరికా జనాభాలో గర్భిణులు 1 శాతం, చనిపోయినవాళ్లలో దాదాపు 5 శాతం. ఫ్లూ టీకాలో గర్భిణులకే అందరికన్నా ముందు ప్రాధాన్యం ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లోనే చెప్పింది. ఆ తర్వాత కోవిడ్ కూడా వచ్చి అదే పాఠం మళ్లీ చెప్పి వెళ్లింది. ఇన్ని జరిగాక మీ సలహా విశ్రాంతి!

టీకా మాట మీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు. సూది ద్వారా ఇచ్చే ఫ్లూ టీకా ఏ నెలలోనైనా వేయించుకోవచ్చు, ముక్కులో కొట్టే స్ప్రే రకం మాత్రం వద్దు. పుట్టిన బిడ్డకు ఆరు నెలలు నిండేదాకా ఫ్లూ టీకా వేయరు, తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలే దిక్కు. ఫ్లూ మందు ఒసెల్టామివిర్ 48 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. మీ లెక్కన నాలుగు రోజులు పడుకుంటే ఆ 48 గంటలు ఎప్పుడో దాటిపోయుంటాయి.

ఆరోగ్య శాఖ వాళ్ల సంగతి ఇక చెప్పేదేముంది. పోస్టర్ నిండా నాయకుల ఫొటోలు, గర్భిణులకు టీకా అన్న ముక్క అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో. పేపర్లేమో ఎవరేం పంపినా, ఒక డాక్టరుకు చూపించకుండానే వేసేస్తున్నాయి. ఒకప్పుడు అచ్చులో వచ్చిందంటే నమ్మేవాళ్లం.

సవరణ వేసే ఉద్దేశం ఉంటే ఆదివారం పేజీలోనే, వ్యాసం ఎంతుందో అంత పెద్దగా వేయండి. లోపలెక్కడో టెండర్ల ప్రకటనల కింద మాత్రం వద్దు.

ఇట్లు,
ఒక పాఠకుడు